మా తాతయ్య ఏ ఏడు పుట్టారో తేల్చుకోవడం ఎలా? ఆయన జీవితాన్ని రాయాలనుకుంటున్నాను

ఏటిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా తాతయ్య గారు, అంటే మా నాన్నగారి తండ్రి, గడచిన పుష్య మాసంలో కాలం చేశారు. కోనసీమలో వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఒక లంక గ్రామంలో పుట్టి, కొబ్బరి తోట, రెండెకరాల వరి పొలం చూసుకుంటూ జీవితమంతా అక్కడే గడిపి, తాను పుట్టిన ఇంటి స్థలంలోనే కన్ను మూశారు. సంవత్సరీకం నాటికి ఆయన జీవితాన్ని నలభై యాభై పేజీల చిన్న పుస్తకంగా అచ్చు వేయించి, బంధువులకూ ఊళ్ళో ఆయనను ఎరిగినవారికీ ఇవ్వాలని అనుకున్నాను. అయితే మొదటి వాక్యం దగ్గరే కలం ఆగిపోయింది. ఆయన ఎప్పుడు పుట్టారో మాలో ఎవరికీ రూఢిగా తెలియదు.

ఆధార్ కార్డులో 1928 జనవరి 1 అని ఉంది. ఓటరు కార్డులో వేసిన వయసును బట్టి లెక్క కడితే 1926 వస్తుంది. మా పెద్దత్తయ్య తొంభై ఏడేళ్లు నిండాయంటుంది, నాన్నగారు తొంభై ఒకటికి మించవంటారు. దినకర్మలకు పిలిచే కార్డు మీద ఏ వయసు వేయాలన్న విషయంలో ఇద్దరూ మాట పట్టింపుకు పోవడంతో, చివరికి వయసు లేకుండానే అచ్చు వేయించాం. తాతయ్యను అడిగినప్పుడల్లా "ప్రమోదూత, శ్రావణ మాసం, వాన" అని మూడు ముక్కల్లో చెప్పి ఊరుకునేవారు. ఆయన అక్కగారు మాత్రం "గాంధీ గారు మన వైపు వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు తమ్ముడు పుట్టాడు" అనేవారని అత్తయ్యకు గుర్తుంది. ఆవిడ కూడా ఇప్పుడు లేరు.

ఇవి కాక, తాతయ్య తరచుగా చెప్పిన సంగతులు కొన్ని ఉన్నాయి. కాకినాడ మీద బాంబులు పడినప్పుడు తాను ఐదో తరగతి ముగించి, ఫస్టు ఫారంలో (ఇప్పటి ఆరో తరగతిలో) చేరడానికి అమలాపురం వెళ్ళాలని ఎదురు చూస్తున్నానని, కాకినాడలో ఉన్న మేనమామ కుటుంబం పడవెక్కి తమ ఇంటికి వచ్చి పడిందని, ఆ హడావుడిలో తన చదువు మాట అందరూ మరిచిపోయారని నవ్వుతూ చెప్పేవారు. పెద్ద వరద వచ్చిన ఏడు ఇంటిల్లిపాదీ మూడు రోజులు ఏటిగట్టు మీదే ఉన్నారట. ఆ తరువాత వచ్చిన మాఘంలో ఆయన పెళ్ళి జరిగింది.

రెండో సందేహం ఇంతకంటే ఇబ్బందికరమైనది. తాతయ్యకూ మా చినతాతయ్యకూ యాభై సెంట్ల కొబ్బరి తోట విషయంలో 1974లో మాటలు పోయాయి. పక్కపక్క ఇళ్ళలో ఉంటూ ఇరవై రెండేళ్లు మాట్లాడుకోలేదు. 1996లో మళ్ళీ కలిశారు. ఎందుకు విడిపోయారో తలా ఒక రకంగా చెబుతారు, ఎలా కలిశారో మాత్రం ఎవరూ చెప్పరు. ఇది పుస్తకంలో రాయవచ్చా? "పోయినవారి గురించి మంచే రాయాలి" అని నాన్నగారి అభిప్రాయం. ఇంతవరకు నేను రాసిన పేజీలు తిరగేస్తే, మా తాతయ్య ఊరి గుడిలో రాతి మీద చెక్కించే పేరులాగా కనిపిస్తున్నారు తప్ప, సాయంత్రం అరుగు మీద కూర్చుని పీచు తాడు పేనే మనిషిలాగా కనిపించడం లేదు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

పాత పంచాంగం

అమ్మా, మీ మొదటి సందేహం మీరు అనుకున్నంత చిక్కుది కాదు. మీ తాతగారు చెప్పిన మూడు ముక్కల్లో రెండింటితోనే లెక్క తేలిపోతుంది.

మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. గడచిన శతాబ్దంలో ప్రభవ 1927 ఉగాదితో మొదలైంది. ఆ తరువాత విభవ, శుక్ల, నాలుగోది ప్రమోదూత. అంటే 1930 మార్చి నెలాఖరు ఉగాది నుంచి 1931 మార్చిలో వచ్చిన ఉగాది దాకా ప్రమోదూత. దానికి ముందు ప్రమోదూత 1870లో, తరువాతది 1990లో వచ్చాయి కాబట్టి మీ తాతగారి విషయంలో మరో ఏడుకు ఆస్కారమే లేదు. ఆ ఏటి శ్రావణం ఇంచుమించు జులై ఆఖరి వారంలో మొదలై ఆగస్టు నాలుగో వారంలో ముగిసింది. తిథి కూడా తెలిస్తే తేదీ చెప్పవచ్చు. వాన మాత్రం శ్రావణంలో ఎవరు పుట్టినా ఉంటుంది.

అక్కగారి మాటను కొంచెం జాగ్రత్తగా చూడాలి. గాంధీ గారు గోదావరి ప్రాంతానికి ఒక్కసారి కాదు, పలుమార్లు వచ్చారు. 1929 వేసవిలో ఖద్దరు నిధి కోసం ఆంధ్ర దేశమంతా తిరిగారు, 1933 చివర హరిజన యాత్రలో మళ్ళీ వచ్చారు. "మరుసటి ఏడు" అన్న మాట 1930కీ సరిపోతుంది, 1934కీ సరిపోతుంది. 1934 ఉగాదితో మొదలైనది భావ సంవత్సరం కనుక మీ తాతగారి మాటతో పొసగదు. కాకినాడ ఆనవాలు దీనిని ఇంకా గట్టి పరుస్తుంది. జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినది 1942 ఏప్రిల్ 6న. 1930 శ్రావణంలో పుట్టిన పిల్లవాడికి అప్పటికి పన్నెండో ఏడు నడుస్తూ ఉంటుంది, ఐదో తరగతి ముగించి ఫస్టు ఫారానికి వెళ్ళే వయసు అదే. 1926లో పుట్టినవాడైతే పదహారేళ్ల కుర్రవాడు ఐదో తరగతిలో ఏం చేస్తున్నాడని అడగవలసి వస్తుంది.

ఆధార్ కార్డులో జనవరి 1 కనిపిస్తే దానిని పుట్టినరోజుగా తీసుకోకండి. కాగితం లేనివారు వయసు నోటితో చెబితే, ఏటికి మొదటి తేదీ వేస్తారు. బడి రిజిస్టర్లలో జూన్, జులై ఒకటో తారీఖులు కూడా అటువంటివే, పిల్లవాడి చెయ్యి తల మీదుగా అవతలి చెవికి అందుతుందా లేదా అని చూసి మాస్టారు వేసిన లెక్కలవి.

మీ ఇంట్లోనే దొరికే సాక్ష్యాలు రెండున్నాయి. తాతగారికి షష్టిపూర్తి చేశారా? పుట్టిన సంవత్సరం పేరు తిరిగి వచ్చినప్పుడే షష్టిపూర్తి చేస్తారు కనుక అది ఎప్పుడు జరిగిందో తెలిస్తే చాలు. రెండోది, అన్నదమ్ముల పంపకాల దస్తావేజు. రిజిస్టరు అయిన దస్తావేజులలో పేరు, తండ్రి పేరుతో పాటు వయసు కూడా రాస్తారు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు తీసుకోండి. మీ రెండో సందేహానికి కూడా అందులో ఏదైనా దొరకవచ్చు.

భువనగిరి కోట

పాత పంచాంగం గారు చెప్పిన లెక్క సర్కారు జిల్లాల వారికి చక్కగా పనికివస్తుంది. మా తెలంగాణ వైపు పాత కాగితాలతో పని పడినవారికి మరొక లెక్క కూడా అవసరం కనుక చెబుతున్నాను. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు చాలావరకు ఫసలీ, అంటే పంటల లెక్కన సాగే రెవెన్యూ సంవత్సరాలలో, ఉర్దూలో ఉంటాయి. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది కాబట్టి, ఫసలీ అంకెకు 590 కలిపితే ఆ ఏడు మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. జనవరి నుంచి తరువాతి నెలలైతే 591 కలపాలి. మా తాత పేరు మొదటిసారి నాకు కనిపించినది 1954-55 నాటి ఖాస్రా పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో. అది 1364 ఫసలీ.

నేను రాయాలనుకున్నది అసలు మీ రెండో సందేహం గురించి. ఆరేళ్ల కింద నేను కూడా మా తాత మీద ఇటువంటి పుస్తకమే రాశాను. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు పట్వారీ దగ్గర లెక్కలు రాసేవాడు. 1948 సెప్టెంబరు 17కు ముందు నాలుగైదేళ్లలో మా ఊరు ఎన్ని చూసిందో, రజాకార్ల రాత్రులు ఎట్లా గడిచాయో, ఆయన ఎన్నిసార్లు జొన్న చేలల్లో పడుకున్నాడో అంతా వివరంగా రాశాను. ఆయన లెక్కలు ఎవరి కోసం రాశాడో ఒక్క ముక్కతో దాటవేశాను. పుస్తకం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, మా తాత కంటే కొద్దిగా చిన్నవాడైన ఒక పెద్దమనిషి మనుమరాలితో మొత్తం చదివించుకుని విని, నాతో ఇట్లా అన్నాడు: "వెట్టికి ఎవరెవరు రావాల్నో ఆ చిట్టా రాసింది మీ తాతనే బిడ్డా. ఆఖరుకు మా అయ్య పేరు కొట్టేసింది గూడ ఆయననే. రెండూ రాయకపోతివి."

ఆ పేరు కొట్టివేసిన సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను మొదటి సంగతిని దాచాలని చూడకపోయి ఉంటే, ఊళ్ళో నలుగురినీ అడిగి ఉండేవాడిని, అప్పుడు రెండోది కూడా దొరికేది. మీ చినతాతయ్య గారు జీవించి ఉంటే దయచేసి పుస్తకం అచ్చు కాకముందే ఆయన దగ్గరకు వెళ్ళండి.

తొంభైకి చేరువ

నా వయసు ఎనభై ఎనిమిది. మనుమలు రాసే జీవిత చరిత్రలలో ఇటుపక్క ఉన్నవాడిని కనుక కొంచెం కటువుగా ఉన్నా వినండి.

మీ ప్రశ్న అంతా చదివాను. అందులో మీ నానమ్మ ఒక్కసారి కూడా కనిపించలేదు. "ఆయన పెళ్ళి జరిగింది" అని రాశారు, ఎవరితో జరిగిందో రాయలేదు. 1953 ఆగస్టు గోదావరి వరద తరువాతి మాఘం అంటే 1954 తొలి నెలలు. తోటలో ఇసుక మేట వేసి, ఇంట్లో గింజ లేని ఏడు ఆ ఇంటికి కోడలుగా వచ్చిన అమ్మాయి మొదటి సంవత్సరం ఎలా నెట్టుకొచ్చిందో కనుక్కోండి. మా ఆవిడ పోయినప్పుడు మా పిల్లలు ఆమె గురించి ఒక పేజీ రాసి తెచ్చారు. "వంట అమృతంలా చేసేది" అన్నది అందులో ప్రధానమైన వాక్యం. ఆ కాగితం చించి పారేశాను. పది మందికి వండి వడ్డించిన మనిషి కట్టెలు ఎక్కడ నుంచి తెచ్చుకునేదో, వానాకాలంలో పొయ్యి ఎలా రాజేసేదో ఒక్కరూ అడగలేదు.

అలాగే, మీ తాతగారి తోడబుట్టినవారిలో బతకని వారి గురించి కూడా రాయండి. ఆయన పుట్టిన రోజుల్లో ఈ దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు ఇరవై ఏడేళ్లు. అందరూ ఇరవై ఏడుకు పోయేవారని దీని అర్థం కాదు. పురిట్లో, పాలు తాగే వయసులో, మశూచికి, కలరాకు పోయిన పిల్లల లెక్క ఆ సగటును అంత కిందికి లాగింది. మా అమ్మ తొమ్మిది మందిని కని నలుగురిని దక్కించుకుంది. తొంభై ఏళ్లు బతికిన మాబోటి వాళ్ళం ప్రతి ఒక్కరం అటువంటి ఇంట్లో మిగిలినవాళ్ళమే. మీ తాతగారి దీర్ఘాయువు గురించి రాసేటప్పుడు ఆయన క్రమశిక్షణ, మితాహారం అని మొదలుపెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇంట్లో పద్దుల పుస్తకం ఉందేమో అటక మీద వెతికించండి. తోట ఉన్న ఇంట్లో దింపు (కొబ్బరికాయలు దించే) కూలీ, ఒలుపు కూలీ, అమ్మిన కాయల లెక్క రాయకుండా ఉండరు. పేజీలకు తేదీలు లేకపోయినా కాలం చెప్పవచ్చు. రూపాయి, అణా, పైసలలో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుదని స్థూలంగా అనుకోవచ్చు, నయాపైసలు ఆ రోజు నుంచి వచ్చాయి. ఊళ్ళలో మాత్రం ఇంకొన్నేళ్లు అణాల్లోనే మాట్లాడుకున్నాం, కొందరు అణాల్లోనే రాసుకున్నారు కూడా. బెల్లం, చింతపండు వీశెలలో, మణుగులలో రాసి ఉంటే ఆ పేజీ కిలోలు రాకముందుదని తెలుస్తుంది. వీశె అంటే కిలోకు దాదాపు ఒకటిన్నర రెట్లు, ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఈ లెక్క మీ పుస్తకంలో ఒక చోట రాయండి, లేకపోతే మీ పిల్లలకు అర్థం కాదు.

తగాదా సంగతి రాయండి. అన్నదమ్ములు తగువుపడని ఊరు నేను చూడలేదు.

దూరదేశం

నేను డల్లాస్‌లో ఉంటాను. మా తాతగారి అంత్యక్రియలను ఫోనులో చూసినవాడిని కనుక పెద్దగా సలహా చెప్పే అర్హత లేదు, ఒక్క మాట మాత్రం చెప్పగలను. ఆయన నాకు వాట్సాప్‌లో పంపిన గొంతు సందేశాలు నూటికి పైగా ఉండేవి. ఫోను మార్చినప్పుడు సగం పోయాయి. మీ బంధువులలో ఎవరి దగ్గరైనా తాతయ్య గారి గొంతు ఉంటే ఈ వారమే ఒకచోట చేర్చి, కనీసం రెండు చోట్ల భద్రం చేయండి. తరువాత వాటిని కాగితం మీదికి ఎక్కించేటప్పుడు ఆయన యాసను దిద్దకుండా, ఆయన అన్నది అన్నట్టే రాయండి. నేను మిగిలిన వాటిని పుస్తక భాషలోకి మార్చి రాశాను, మా అమ్మ చదివి "ఇది ఎవరి ఉత్తరం?" అని అడిగింది.

ఏటిగట్టు

సమాధానాలు ఇచ్చిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. మధ్యలో నెల రోజులు ఊళ్ళో ఉండి వచ్చాను, అందువల్ల ఆలస్యమైంది.

పుట్టిన ఏడు తేలిపోయింది. షష్టిపూర్తి గురించి మా ఇంట్లో ఎవరూ చెప్పకపోవడానికి కారణం నేను అడగకపోవడమే. "మే నెలలో తుఫాను వచ్చిన ఏడు శ్రావణంలో చేశాం, గాలికి పాడైన పెంకుటిల్లు అప్పటికి సగమే కప్పించాం" అని అమ్మ వెంటనే చెప్పింది. ఆ తుఫాను 1990 మే నెలలో వచ్చినది. పాత పంచాంగం గారు చెప్పిన ప్రమోదూత అదే. నడవలో పీటల మీద తాతయ్య, నానమ్మ కూర్చున్న ఫోటో కూడా దొరికింది. పంపకాల దస్తావేజు 1961 నాటిది, అందులో తాతయ్య వయసు 31 అని రాసి ఉంది. అత్తయ్య మూడేళ్లు, నాన్నగారు మూడేళ్లు వదులుకుని తొంభై నాలుగు దగ్గర రాజీపడ్డారు.

నానమ్మ విషయంలో మందలించినందుకు తొంభైకి చేరువ గారికి నమస్కారాలు. ఆవిడ చెల్లెలు ముక్తేశ్వరం దగ్గర ఒక ఊళ్ళో ఉన్నారని తెలిసి వెళ్ళి కలిశాను. పెళ్ళయిన మొదటి ఏడు నానమ్మ తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆవు పాలు అమ్మి ఇల్లు గడిపిందట. ఆ సంగతి మా నాన్నగారికి కూడా తెలియదు. ఇప్పుడు పుస్తకంలో నానమ్మవి పదకొండు పేజీలు అయ్యాయి.

పద్దుల పుస్తకాలు అటక మీద కాదు, వడ్లు పోసుకునే గాదె వెనుక రేకు పెట్టెలో మూడు దొరికాయి. రెండింటిని చెదలు తిన్నాయి. మిగిలిన దానిలో ప్రతి దింపు లెక్క కింద "అక్కకు" అని ఒక పద్దు ఉంది, ఒకసారి తొమ్మిది రూపాయలు, ఒకసారి పద్నాలుగు, ఎప్పుడూ ఆగలేదు. దస్తావేజు పక్కన పెట్టి చూస్తే తగాదా అర్థమైంది. ఆ యాభై సెంట్లు కాగితం మీద చినతాతయ్య వాటాలో ఉన్నాయి. ముత్తాత గారు మాత్రం వాటిని కూతురికి పసుపు కుంకుమ కింద ఇస్తానని నోటితో చెప్పారట. అందుకని తాతయ్య ఆ తోట చెక్కను తానే సాగు చేసి, వచ్చినది అక్కకు పంపుతూ వచ్చారు. 1974లో కూతురి పెళ్ళికి దానిని అమ్ముకుంటానని చినతాతయ్య అడిగితే తాతయ్య దారికి అడ్డం నిలబడ్డారు. కాగితం ప్రకారం తప్పు మా తాతయ్యదే. నాన్నగారికి ఈ వాక్యం చదివి వినిపించాను. చాలా సేపు ఏమీ అనలేదు. ఆ తరువాత "అలాగే ఉంచు" అన్నారు.

భువనగిరి కోట గారి మాట ప్రకారం చినతాతయ్య దగ్గరకు వెళ్ళాను. ఆయనకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతున్నాయి, చూపు లేదు, మాట స్పష్టంగానే ఉంది. తగాదా గురించి ఆయన ఎక్కువ చెప్పలేదు. ఎలా కలిశారని అడిగితే మాత్రం, అడుగుతానని ఎదురు చూస్తున్నట్టుగా చెప్పారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ తోటలను నేలమట్టం చేస్తున్నప్పుడు, ఆయన తాటాకు ఇంటి కప్పు లేవడం మొదలుపెట్టిందట. తలుపులు బిగించుకుని పిల్లలతో లోపల ఉండగా పైన ఎవరో నడుస్తున్న చప్పుడు వినిపించిందట. మా తాతయ్య, అప్పటికి అరవై ఆరేళ్ల మనిషి, ఆ గాలిలో నిచ్చెన వేసుకుని ఎక్కి, దూలానికి తాడు వేసి కప్పును కట్టి, ఒక్క మాట కూడా లేకుండా దిగి తన ఇంటికి వెళ్ళిపోయారట. మర్నాడు ఉదయం రెండు దొడ్లలోనూ నిలబడిన చెట్టు లేదు. పడిన చెట్లు నరకడానికి ఇద్దరూ ఒకే గొడ్డలి పట్టుకున్నారట, రెండో ఇంటి గొడ్డలి ఎక్కడో చెట్ల కింద ఉండిపోయింది కనుక.

ఇది రాసి మర్నాడు ఆయనకు చదివి వినిపించాను. తాడు దగ్గర ఆపమన్నారు. నేను నైలాను తాడు అని రాశాను. "నైలాను కాదమ్మా, పీచు తాడు. మా అన్నయ్య పేనిందే. దిద్దుకో" అన్నారు. దిద్దాను.